దిండ్ల కుర్చీ

తనను తన కుర్చీలోంచి లేపేయడానికి అందరూ చేతులెత్తుతుంటే, పరుపులాయన కూడా ఎందుకు చెయ్యెత్తాడు?

ఇన్నేళ్ళుగా ఈ ప్రశ్నను అటు తిప్పి ఇటు తిప్పి చూస్తూనే ఉన్నాను. మంచితనం అనుకుంటే సరిపోదు, అమాయకత్వం అనుకుంటే అసలే సరిపోదు. చదివిన పుస్తకాల్లో ఎవరు ఏ పని ఎందుకు చేశారో చివరికొచ్చేసరికి ఎంతో కొంత తెలుస్తుంది. పక్కన కూర్చుని టీ తాగిన మనిషి విషయంలో ఆ సదుపాయం లేదు.

అప్పట్లో నేను మా పేటలో పఠనమందిరం చూసుకునేవాణ్ణి. కింద పుస్తకాల బీరువాలు, పేపర్లు చదువుకునే బల్లలు. పైన ఒక హాలు. నగరానికి ఆనుకుని పెరిగిన ఊరు మాది. పొద్దున్నే సగం జనం బస్సులెక్కి పనులకు పోతే, సాయంత్రం దాకా ఊరు దుకాణాలవాళ్ళ చేతిలో ఉండేది. ఆ దుకాణాలవాళ్ళ సంఘం నెలకోసారి మా పై హాల్లో కూడేది. తాళాలు నా దగ్గరుంటాయి గనుక కుర్చీలు వేసి, ఫ్యాన్లు తిప్పి, ఓ మూల కూర్చునేవాణ్ణి. నేను సభ్యుణ్ణి కాను. నాకు ఓటూ లేదు, మాటా లేదు.

సంఘానికి ఒకటే గట్టి నియమం: ఒక పనికి ఒక కుర్చీ. ఊళ్ళో మందుల షాపులు ఎన్నున్నా సంఘంలో మందులకు ఒక్క కుర్చీయే. బేకరీకి ఒకటి, హార్డ్‌వేర్‌కు ఒకటి, లాడ్జికి ఒకటి. సభ్యుల్లో ఎవరికి ఏ అవసరమొచ్చినా ఆ పని కుర్చీ ఎవరిదో వాళ్ళ దగ్గరికే పోవాలి. చుట్టాలకూ పక్కాలకూ వాళ్ళ పేరే చెప్పాలి. అక్కడ సొంత పేర్లు వినిపించేవి కావు. కుర్చీ పేరే మనిషి పేరు. “ఏం లాడ్జీ, కనిపించడం లేదు?”, “రావమ్మా బేకరీ, నీకోసమే టీ చల్లారిపోతోంది” అని పిలుచుకునేవారు. అధ్యక్షుడైన హార్డ్‌వేర్ షాపాయన ప్రతి సమావేశంలోనూ “రెండు చేతులు కలిస్తేనే చప్పట్లు” అని మొదలుపెట్టేవాడు. “మీ ఉపన్యాసం అయితేనే చప్పట్లు” అని బేకరీ ఆవిడ వెనక నుంచి అందించేది.

పరుపుల కుర్చీ కిటికీ పక్కన ఉండేది. ఆయనకు దగ్గు. పిండి మర వెనక సందులో రేకుల షెడ్డు ఆయనది. ఇటు పిండి, అటు దూది. ఆ సందులోంచి మనిషొచ్చినా పిల్లి వచ్చినా తెల్లబడే రావాలి. షెడ్డులో సగం దూది ఏకే మిషను. మిగతా సగంలో గడపకు దగ్గరగా, వెలుతురు పడేచోట, ఆయన భార్య దబ్బనం పట్టుకుని పరుపు అంచులు కుడుతూ ఉండేది. ఉండకట్టి రాయిలా అయిపోయిన పాత పరుపుల్ని విప్పి, దూది ఏకి, ఎండబెట్టి, మళ్ళీ నింపి కుట్టివ్వడం వాళ్ళ పని. ఆయన కనుబొమల్లో ఎప్పుడూ దూది ఇరుక్కుని ఉండేది. వాళ్ళకు ఒక్కతే కూతురు, నగరంలో నర్సు. సెలవు రోజున వచ్చి, ఇద్దరి దగ్గూ విని, కిటికీలన్నీ తెరిచి, ఇద్దర్నీ చెరో తిట్టూ తిట్టి వెళ్ళేది. ఆమె సందు చివర మలుపు తిరగ్గానే, దూది ఎగిరిపోతుందని ఆయన కిటికీలు మూసేసేవాడు.

సమావేశం రోజు మాత్రం ఆయన వేరే మనిషి. తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, కనుబొమలు కూడా దువ్వుకుని అందరికంటే ముందే వచ్చేవాడు. నాతోపాటు కుర్చీలు సర్దేవాడు. తన కుర్చీని చివర్లో తెచ్చి, కిటికీ పక్కన వేసి, చేత్తో ఓసారి తట్టేవాడు. ఒకసారి నన్నడిగాడు, “మీరిన్ని పుస్తకాలు చదివారు కదండీ, నాలాంటివాడు లేచి నిలబడితే మిగతావాళ్ళు కూర్చుని వినడం ఎక్కడైనా ఉందా?” నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. “షెడ్డు దగ్గరికొచ్చి అందరూ ‘ఓయ్’ అంటారండీ. ఇక్కడ ‘చెప్పండి’ అంటారు.”

సమావేశంలో ఒక్కొక్కరూ లేచి తామేం చేస్తారో, తమకెవరు కావాలో ఒక్క గుక్కలో చెప్పాలి. అందరికీ అందరూ తెలిసినా చెప్పాలి. ఆయన మొదటిసారి లేచినప్పుడు నోరు తడబడి, “పరువులు కుడతానండీ. చిరిగిపోయిన పాత పరువులైనా తెచ్చివ్వండి, కొత్తవాటిలా చేసిస్తాను” అన్నాడు. హాలంతా గొల్లుమంది. ఆయనకు అర్థం కాలేదు. బేకరీ ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, “బాబాయ్, మా ఆయనది ఒకటుంది, కుడతావా?” అనడిగాక తెలిసింది. అప్పట్నుంచి ఊళ్ళో ఎవరికి ఏ తలవంపు వచ్చినా “పరుపులాయన దగ్గరికి పట్టుకెళ్ళు, కుట్టిపెడతాడు” అనడం వాడుకైపోయింది. ఆయనా దానికి అలవాటుపడి, తర్వాత్తర్వాత తన వంతు రాగానే “నేను ఏకేది దూదినేనండీ, మనుషుల్ని కాదు, ధైర్యంగా రండి” అని తనే ముందు నవ్వించేవాడు. లాడ్జి పరుపులూ, ఆడపిల్లల హాస్టలు పరుపులూ ఆ కుర్చీ మీద కూర్చున్నందుకే ఆయనకు వచ్చాయి. అయినా ఆయనకు కుర్చీ మీదున్న ఇష్టం వాటి వల్ల వచ్చింది కాదు.

మెయిన్ రోడ్డు మీద అద్దాల షోరూము లేచింది. ఫోమ్ పరుపులు. షోరూము కుర్రాడు మెత్తని మనిషి, అందర్నీ “సార్”, “మేడమ్” అనేవాడు. అతిథిగా వచ్చి, చతురస్రంగా కోసిన ఫోమ్ ముక్కను చేతులు మారుస్తూ అందరికీ చూపించాడు. అందరూ బొటనవేలితో నొక్కారు. పరుపులాయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నొక్కి చూశాడు. “బాగుంది బాబూ, ఉండకట్టదు” అని తిరిగిచ్చాడు.

మెట్లు దిగుతూ బేకరీ ఆవిడ అంది, “ఏకు మేకవుతుంది బాబాయ్, చూస్తూ ఉండు.”

“ఏకు నా దగ్గరుంది కదమ్మా. ఆయన దగ్గరుండేది స్పాంజీ.”

“నీ జోకులకేం గానీ, జాగ్రత్తగా ఉండు.”

అతిథిగా రెండుసార్లకు మించి రానివ్వరు. ఆ తర్వాత సభ్యత్వం ఇవ్వాలి, సభ్యత్వానికి కుర్చీ ఉండాలి. ఆ ఏడాది సంఘం మొదటిసారి వ్యాపారుల మేళా పెట్టాలనుకుంది. స్టేజీ, మైకు, స్టాళ్ళు అన్నీ తన ఖర్చుతో వేయిస్తానని షోరూము కుర్రాడన్నాడు. అధ్యక్షుడు చెడ్డవాడు కాదు. మేళా జరగాలని ఆయనకు గట్టిగా ఉంది. మూడు రోజులు అటూ ఇటూ తిరిగి ఒక ఉపాయం తెచ్చాడు.

“పరుపుల కుర్చీ ఒకటే ఉంది. ఇద్దర్ని కూర్చోబెట్టలేం” అన్నాడు ఆ నెల సమావేశంలో. “అలాగని బాబాయ్‌ని పొమ్మంటామా? తప్పు. బాబాయ్ ఎక్కడికీ పోడు. కుర్చీ పేరు మారుతుందంతే. పరుపులు షోరూముకు. దిండ్లు బాబాయ్‌కి.”

“దిండ్లా?” అంది బేకరీ ఆవిడ.

“ఏమ్మా, దిండు లేకుండా నువ్వు పడుకుంటావా? తల పెట్టేది దాని మీదే కదా. గౌరవంగా చూస్తే అదే పెద్ద కుర్చీ.”

నలుగురు నవ్వారు. ఆ నవ్వుతోనే పని సగం అయిపోయింది.

“అయితే మీ హార్డ్‌వేర్ ఇంకొకరికిచ్చి మీరు మేకులు పెట్టుకోండి” అందావిడ.

“అది వేరే సంగతమ్మా. సరే, ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి.”

లాడ్జి ఎత్తాడు. మందుల షాపు ఎత్తాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఒక్కొక్కరే ఎత్తారు. అప్పుడు కిటికీ పక్క నుంచి ఇంకో చెయ్యి లేచింది. తొందరేం లేదు, తడబాటేం లేదు. మోచేతి దగ్గర చొక్కా మీద ఓ దూది పింజ అంటుకుని ఉంది, గాలికి కదులుతోంది.

బేకరీ ఆవిడ ఆయన చొక్కా పట్టుకుని గుంజింది. “బాబాయ్, దించు! నీ గురించే!”

“తెలుసమ్మా” అన్నాడాయన. చెయ్యి దించలేదు.

అధ్యక్షుడి ముఖంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. సిగ్గేమో, తెలీదు. మరుక్షణం, “చూశారా పెద్దమనసంటే! ఏకగ్రీవం!” అన్నాడు. చెయ్యెత్తని బేకరీ ఆవిణ్ణి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. టీలొచ్చాయి.

మర్నాడు పేపరు చదివే బల్ల మీద ఆయన మరిచిపోయిన కండువా ఇద్దామని షెడ్డుకు వెళ్ళాను. మిషను ఆగి ఉంది, ఆయన లేడు. గడప దగ్గర ఆయన భార్య కూర్చుని, దబ్బనంలోకి దారం ఎక్కించడానికి అవస్థ పడుతోంది.

“కూర్చోండన్నయ్యగారూ. ఎక్కడ కూర్చుంటారులెండి, అంతా దూదే” అంది. దారం ఎక్కించింది. కుట్టడం మొదలుపెట్టలేదు. “విన్నాను. బేకరీ అమ్మాయి వచ్చి చెప్పిపోయింది. పెళ్ళయిన్నాటి నుంచి నామీద ఒక్కసారి చెయ్యెత్తని మనిషండీ. నిన్న తనమీద తనే ఎత్తుకున్నాడట.”

కండువా ఆవిడ పక్కన పెట్టాను.

“అడిగాను, ఎందుకెత్తావయ్యా అని. ‘అందరూ ఎత్తారు, నేనొక్కణ్ణీ దించుకుని కూర్చుంటే ఏం బాగుంటుంది’ అన్నాడు. ఇంకా గట్టిగా అడిగితే అన్నం ముందు నుంచి లేచిపోయాడు.” దబ్బనం పరుపు అంచులో గుచ్చి, “నాకు చెప్పిన జవాబు అది. అసలు జవాబేంటో ఆ దూదికే తెలియాలి” అంది.

ఆ జవాబు నాకు ఇప్పటికీ చాలదు. బాగుండదని చెయ్యెత్తిన మనిషి చెయ్యి కొంచెమైనా వంగి ఉంటుంది. ఆయనది నిటారుగా ఉంది.

తర్వాతి సమావేశానికీ ఆయన ముందే వచ్చాడు. కుర్చీలు సర్దాడు. తన కుర్చీ కిటికీ పక్కకు తేబోతుంటే, పరుపుల కుర్చీ అక్కడే ఉండాలని, వరస మారిస్తే అయోమయమవుతుందని లాడ్జి అన్నాడు. దిండ్ల కుర్చీ తలుపు పక్కన పడింది. తన వంతు రాగానే లేచి, “దిండ్లండీ” అన్నాడు. ఏదో చెబుతాడని, నవ్వడానికి సిద్ధంగా అందరూ ఆగారు. ఆయన కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఆయన్ను “దిండ్లు బాబాయ్” అన్నారు. నోళ్ళకు అలవాటైపోవడానికి ఎంతోకాలం పట్టలేదు. జనం నోటికి ఏదైనా తొందరగానే మెత్తబడుతుంది.

అసలు దెబ్బ ఎక్కడ తగులుతుందో ఆ రోజు చేతులెత్తినవాళ్ళు ఆలోచించారో లేదో. పరుపు పని ఏదున్నా పరుపుల కుర్చీకే పోవాలి, అది నియమం. లాడ్జి తన పాత పరుపులు ఏకించడం మానేసి ఫోమ్‌వి కొన్నాడు. హాస్టలువాళ్ళకూ అదే సలహా ఇచ్చాడు. దారిలో ఆయన ఎదురుపడితే, “రూలు కదా బాబాయ్, నాదేముంది” అన్నాడు. ఆయన, “రూలే బాబూ” అన్నాడు. షెడ్డులో మిషను శబ్దం తగ్గింది. పిండి మర ఆగినప్పుడు ఆ సందులో ఆయన భార్య దగ్గు మాత్రం వినిపించేది.

బేకరీ ఆవిడ ఊరుకోలేదు. తన ఇంట్లో పరుపును దుప్పట్లో చుట్టి, మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద జనం పలచబడ్డాక, రొట్టెల బండి మీద వేయించుకుని దొంగసరుకులా షెడ్డుకు తెచ్చింది. నేనప్పుడు అక్కడే ఉన్నాను. నా దిండు గలీబు చిరిగితే కొత్తది కుట్టించుకోవడానికి వెళ్ళాను. అదొక్కటే నేను ఇవ్వగలిగిన పని.

ఆయన దుప్పటి అంచు తొలగించి పరుపు మీద చెయ్యి వేశాడు. వేళ్ళు వాటంతటవే ఉండలు వెతుక్కుంటూ పోయాయి. తర్వాత దుప్పటి మళ్ళీ కప్పేశాడు.

“షోరూముకు పట్టుకెళ్ళమ్మా.”

“వాడు ఏకుతాడా బాబాయ్? వాడికి ఏకడం వచ్చా?”

“రాకపోతే కొత్తది ఇస్తాడు. నువ్వు సంఘం మనిషివి. నేనూ సంఘం మనిషినే. నేను ఇది ముట్టుకుంటే, రేపు నీ బేకరీ పక్కన ఇంకెవడో రొట్టెలు కాలిస్తే ఏమంటావు?”

“నిన్ను ఏకాలయ్యా ముందు!” అని అరిచిందావిడ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నిన్ను లేపేసినవాళ్ళ రూలుకు నువ్వు కాపలానా?”

“లేపలేదు కదమ్మా. తలుపు పక్కన కూర్చోబెట్టారు.”

లోపలి నుంచి భార్య, “వాదించకమ్మా, గోడకు చెబితే సున్నమైనా రాలుతుంది” అంది. పరుపు మళ్ళీ బండెక్కింది.

మేళా వరకు ఆలుమగలిద్దరూ దిండ్లు కుట్టారు. షెడ్డులో మిగిలిన దూదంతా ఏకారు. నీలి గీతల గుడ్డతో గలీబులు కుట్టిందావిడ. ఆయన పట్టుదల చూస్తే నాకు భయం వేసేది. ఆయన మాటల్లో ఓసారి బయటపడింది కూడా: “దిండ్లే కానివ్వండి. దిండ్లకైనా పూర్తిగా నేనే ఉండాలి కదా.”

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. మేళా తర్వాత ఆయన పై హాలు మెట్లు ఎక్కలేదు. ఆ చలికాలంలోనే నర్సు కూతురు వచ్చి షెడ్డు ఖాళీ చేయించి ఇద్దర్నీ తీసుకెళ్ళింది. మిషనును పాత ఇనుపవాళ్ళు ముక్కలు చేసి మోసుకెళ్ళారు. కొన్నేళ్ళకు బస్టాపులో ఆ అమ్మాయి కనిపించి, నాన్న పోయాడని, అమ్మకు దగ్గు తగ్గిందని చెప్పింది. దిండ్లకు ఒక కుర్చీ ఉండేదంటే ఇప్పుడు సంఘంలో నమ్మేవాళ్ళు లేరు.

మేళా బడి మైదానంలో పెట్టారు. ముందు రోజు వాన పడి నేలంతా బురద. నడవడానికి చెక్కలు పరిచారు. మబ్బు విడవలేదు. గేటు పక్కన పఠనమందిరం తరఫున నాకో బల్ల ఇచ్చారు. నా ఎదురుగా నాలుగు స్టాళ్ళ అవతల ఆయన. పైన “దిండ్లు” అని బోర్డు. తడి తగలకుండా ప్లాస్టిక్ పట్టా కప్పి, ఎవరైనా దగ్గరికొస్తే తీసి, వెళ్ళిపోగానే మళ్ళీ కప్పేవాడు. భార్యకు జ్వరం, రాలేదు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు గానీ కనుబొమలు దువ్వుకోలేదు.

షోరూము స్టాలు స్టేజీకి ఆనుకుని ఉంది. పొద్దున పదింటికల్లా మైకు మొదలైంది: “ఒక పరుపు కొంటే రెండు దిండ్లు ఉచితం! ఉచితం!”

బేకరీ ఆవిడ రొట్టెలు వదిలేసి అధ్యక్షుడి దగ్గరికి పరుగెత్తింది. ఆమె గొంతు నా దాకా వినిపించింది. “దిండ్ల కుర్చీ ఎవరిదండీ?”

“బాబాయ్‌దే. కాదన్నదెవరు?”

“మరి షోరూమాయనెలా ఇస్తాడు?”

“అమ్మట్లేదు కదమ్మా. ఉచితం అంటే వ్యాపారం కాదు. రూలు అమ్మకానికే” అన్నాడు అధ్యక్షుడు. చెబుతున్నప్పుడు ఆమె వైపు చూడలేదు.

మధ్యాహ్నానికి పరుపులాయన పట్టా తీయడం మానేశాడు. కొనేవాళ్ళు దగ్గరికొచ్చి, గుడ్డ పట్టుకు చూసి, “అక్కడ ఊరికే ఇస్తున్నారుగా” అని వెళ్ళిపోతున్నారు. ఆయన తల ఊపేవాడు. ఔనన్నట్టే ఊపేవాడు.

మూడింటికి షోరూము దిండ్లు అయిపోయాయి. పరుపులు కొన్నవాళ్ళు మా దిండ్లేవని గోల. అధ్యక్షుడు చెక్కల మీద జారకుండా అడుగులేస్తూ, కుర్రాణ్ణి వెంటబెట్టుకుని ఈయన దగ్గరికొచ్చాడు. బేకరీ ఆవిడ వాళ్ళ వెనకే వచ్చింది. నేనూ బల్ల వదిలి వెళ్ళాను.

“బాబాయ్, చిన్న సాయం. మేళాకు మాటొచ్చేలా ఉంది. నీ దగ్గరున్నవి ఇప్పటికి సర్దు. ఆయన సరుకు రాగానే దిండుకు దిండు తిరిగిచ్చేస్తాడు.”

“ఫోమ్‌వా?” అనడిగాడు.

“ఆఁ... ఏదైతేనేం, దిండే కదా.”

“మీకసలు సిగ్గుందా?” అంది బేకరీ ఆవిడ.

షోరూము కుర్రాడి ముఖం ఎర్రబడింది. “నేను వద్దన్నాను మేడమ్. పెద్దాయనా, మీకిష్టమైతేనే...”

పరుపులాయన పట్టా తీసి మడతపెట్టాడు. “దిండ్లు ఎవరికి కావాలన్నా నా దగ్గరికే రావాలి కదమ్మా. వచ్చారు” అన్నాడు ఆవిడతో.

ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. చంకకొకటి, చేతికొకటి పట్టుకుని తనే చెక్కల మీద అటూ ఇటూ తిరిగాడు. షోరూము బల్ల మీద ఒక్కో దిండూ పెట్టేముందు రెండు చేతుల మధ్య కొట్టి, మూలలు లాగి, కుట్టు ఉన్న వైపు కిందికి తిప్పి పెట్టాడు. పరుపులు కొన్నవాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి తీసుకుపోతున్నారు. ఒకావిడ నొక్కి చూసి, “ఇవి కొంచెం బరువుగా ఉన్నాయే” అంది. ఆయన విననట్టే తర్వాతిది తేవడానికి వెనక్కి వెళ్ళాడు.

అన్నీ అయిపోయాక తన స్టాలు ముందు కాసేపు నిలబడ్డాడు. ఉత్త బల్ల. అధ్యక్షుడు అప్పటికే స్టేజీ ఎక్కి మైకు అందుకున్నాడు. “మన దిండ్లు బాబాయ్ పెద్దమనసుకు గట్టిగా చప్పట్లు! బాబాయ్ ఎక్కడున్నా స్టేజీ మీదికి రావాలి! ఫోటో తీస్తారు!”

జనం చప్పట్లు కొట్టారు. బేకరీ ఆవిడ ఆయన కోసం టీ తేవడానికి తన స్టాలుకు వెళ్ళింది. నేను నా బల్ల దగ్గరికి వచ్చేశాను. ఆయన మడతపెట్టిన పట్టాను చంకలో పెట్టుకుని గేటు వైపు వస్తున్నాడు. ఏమైనా అంటాడేమో, నేనైనా ఏదో ఒకటి అనాలి అనుకుని లేచి నిలబడ్డాను. నా ముందుకొచ్చి ఆగాడు. గాలికి తెరుచుకున్న ఓ పుస్తకం అట్టను అరచేత్తో మూసి, దాని మీద పడిన చినుకు తుడిచాడు. నా ముఖంలోకి చూడలేదు.

మైకు మళ్ళీ పిలిచింది. బేకరీ ఆవిడ రెండు చేతుల్లో టీ గ్లాసులతో చెక్కల మీద నడిచొస్తోంది. ఆయన అప్పటికే గేటు దాటాడు. బడి గోడవారగా, బురద లేనిచోట చూసి అడుగేస్తూ, పిండి మర సందులోకి తిరిగాడు.